కలివికోడి కథతో చదవడం నేర్పుదామని ఉంది, అందరూ తలా ఒక మాట చెప్పండి

ఆత్మకూరు టీచరమ్మ:
అందరికీ నమస్తే. మాది ఆత్మకూరు పక్కన పల్లె, ప్రైమరీ స్కూలు, మూడు నాలుగు అయిదు తరగతులు మూడూ నా గదిలోనే. మా పిలకాయలకి అక్షరాలు వచ్చు, గుణింతాలు అప్పజెప్తారు, పుస్తకంలో పాఠం గడగడా చదివేస్తారు కూడా, కానీ అది చదవడం కాదండీ, విని విని నోటికి వచ్చేసింది అంతే, పేజీ మూసేసినా ఆగరు. అదే పాఠంలో మాటలు అటూ ఇటూ చేసి బోర్డు మీద కొత్త వాక్యం రాస్తే ఒక్కో అక్షరం కూడబలుక్కుంటా పోయి చివరికొచ్చేసరికి మొదలేముందో మర్చిపోతారు. ఏం చదివావు నాయనా అంటే నా మొహం చూస్తారు.

అందుకని వాళ్ళు ఎప్పుడూ విననిది, తర్వాత ఏమైందో తెలుసుకోవాలని వాళ్ళకే అనిపించేది ఒకటి కావాలి. కలివికోడి సంగతి తీసుకున్నా. అంతరించిపోయిందని అందరూ వదిలేసుకున్న పిట్ట, 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు, 1986 జనవరిలో కడప జిల్లా సిద్ధవటం వైపు లంకమల అడవి అంచున మళ్ళీ దొరికింది. ఇంత నిజం కథ మన పక్క కొండల్లోనే ఉంటే ఎక్కడో సింహం కథలు ఎందుకు అనిపించింది. మొదటి ముక్క ఇట్టా రాశా, చూడండి:

"మన కొండల్లో ఒక పిట్ట ఉంది. దాని పేరు కలివికోడి. పగలంతా పొదల కింద దాక్కుంటుంది. చీకటి పడ్డాక బయటికి వస్తుంది. పురుగులు ఏరుకుని తింటుంది. చాలా ఏళ్ళు అది ఎవరికీ కనిపించకుండాపోయింది. శాస్త్రవేత్తలు నిరాశచెంది ఈ జాతి అంతరించిపోయిందని నిర్ధారించుకున్నారు."

మూడో తరగతికి బరువెక్కువైందా? పక్షి సంగతుల్లో తప్పులుంటే అవి కూడా చెప్పండి, పిలకాయలకి తప్పు చెప్పకూడదు.

మార్కాపురం మేస్టారు:
అమ్మా, మంచి పని ఎత్తుకున్నావు. నేను రిటైరై చాలా కాలమైంది కానీ ఇలాంటివి చూస్తే చేతులు ఊరుకోవు. మొదటి అయిదు వాక్యాలు ముత్యాల్లా ఉన్నాయి, ముట్టుకోవద్దు. ఆరో వాక్యం దగ్గర పిల్లాడు పడిపోతాడు. "కనిపించకుండాపోయింది" అని అంత పొడుగు మాట కలిపి రాస్తే సగం దాకా వచ్చి ఊపిరి వదిలేస్తాడు, మన భాషలో ఇదే చిక్కు, మాటలు రైలు పెట్టెల్లా ఒకదాని వెనక ఒకటి తగులుకుంటా పోతాయి. మొదట్లో "కనిపించకుండా పోయింది" అని విడగొట్టి రాయి. ఇక ఆఖరి వాక్యం పూర్తిగా తీసెయ్యి, నిరాశచెంది, నిర్ధారించుకున్నారు, ఇవన్నీ మన పెద్దోళ్ళ మాటలు. "ఇక లేదేమో అనుకున్నారు" అను, అయిపోయింది.

ఇంకొకటి చెప్తా, పక్షి పాఠం అనగానే నాకు ఎందుకు ఇష్టమంటే, పక్షి ఒంటి మీదే వత్తుల పాఠం అంతా ఉంది. తోక, ఈక, కాలు, గూడు, వీటికి వత్తే లేదు, వెనకబడ్డ పిల్లలు కూడా చదువుతారు. ముక్కు, రెక్క, గుడ్డు, పిట్ట, పిల్ల, పొట్ట, కన్ను, అన్నీ అదే అక్షరం కింద అదే వత్తు. ఆ తర్వాత పక్షి, రాత్రి, చంద్రుడు, ఇవి వేరే అక్షరం వత్తులు. ఈ వరసలో పోతే మెట్టు మెట్టుగా ఎక్కినట్టే. పలక మీద పెద్ద పిట్ట బొమ్మ గీయించి ఒక్కో భాగం పక్కన దాని పేరు రాయించేవాణ్ణి నేను, మా ఊరు పలకలకి పేరు కదా, ఇంట్లో విరిగిన పలక ముక్కలు బోలెడు ఉండేవి, ఒక్కో ముక్క మీద ఒక్కో మాట రాసి ఇచ్చి బొమ్మ మీద పెట్టమంటే ఎగబడి పెట్టేవాళ్ళు.

పులికాట్ పిట్టలోడు:
అక్కా, సూళ్ళూరుపేట నుంచి. జిల్లా తిరుపతిలోకి పోయినా మేము నెల్లూరోళ్ళమే. పక్షి సంగతులు నేను చూస్తా. మీరు రాసింది సరిగ్గానే ఉంది. కొన్ని కలపండి: సుమారు జానెడు కంటే కొంచెం పెద్ద పిట్ట, రొమ్ము మీద అడ్డంగా రెండు పట్టీలు ఉంటాయి, కాళ్ళు పొడుగు, కళ్ళు పెద్దవి, రాత్రి తిరిగేది కదా. ముక్కు మొదట్లో పసుపు, కొన నలుపు. దట్టమైన అడవి దానికి పనికిరాదు, పొదలూ మధ్యమధ్యలో ఖాళీ నేలా ఉండాలి, నడిచి పరిగెత్తి మేసే పిట్ట అది.

ఇంకో సంగతి, నెల్లూరుకీ ఈ పిట్టకీ సంబంధం ఉంది. ఇంగ్లీషులో జెర్డాన్స్ కోర్సర్ అంటారు కదా, ఆ జెర్డాన్ అనే డాక్టరు నెల్లూరులో ఉద్యోగం చేసినాయనే. 1848లో ఈ పిట్ట శాస్త్రం పుస్తకాలకెక్కింది, దొరికిన చోటు నెల్లూరు కడప మధ్య కొండలని రాసుకున్నారు. అంటే మీ ఊరి పడమటి కొండలు కూడా లెక్కలోకి వచ్చినట్టే. జెర్డాన్ ఇక్కడి యానాదుల దగ్గర పిట్టల పేర్లూ అలవాట్లూ అడిగి తెలుసుకునేవాడు. 1986లో కూడా బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వచ్చి ఊరూరా తిరిగి బొమ్మ చూపించి అడిగితే, రాత్రి పూట టార్చి వెలుగులో పిట్టను పట్టిచ్చింది అక్కడి వేటగాడు ఐతన్నే. చదువుకున్నోళ్ళు ఎనభై ఏళ్ళకి పైగా లేదనుకున్నది ఆ చుట్టుపక్కల వాళ్ళకి తెలుసు. ఈ ముక్క వదలొద్దక్కా, కథకి ప్రాణం అదే.

ఆత్మకూరు టీచరమ్మ:
తమ్ముడూ ఇది చదివాక నాకు మాట రాలేదు. మా క్లాసులో యానాది పిలకాయలు ఉన్నారు, చదువులో అందరికంటే వెనక అని ముద్ర వేసి వెనక కూర్చోబెట్టేస్తారు ఎక్కడైనా. పిట్టల సంగతికొస్తే ఆ పిలకాయలకి తెలిసినంత నాకు తెలియదు. కథ వాళ్ళ దగ్గరనుంచే మొదలుపెడతా.

కావలి నాన్న:
ఒక మాట అంటే ఏమీ అనుకోవద్దు. వత్తులే రాని పిల్లలకి కథలేంటండీ. మా చిన్నప్పుడు దిద్దించి దిద్దించి నేర్పారు, అక్షరం గట్టిపడ్డాక అన్నీ అవే వచ్చాయి. ఇప్పుడు బొమ్మలు చూపించి ఊహించమంటారు, పిల్లలు అక్షరం చూడకుండా బొమ్మ చూసి ఏదో ఒకటి చెప్పేస్తారు. మా వాడు "రెక్క" అని ఉంటే బొమ్మ చూసి "పిట్ట" అని చదివాడు. ముందు పునాది గట్టిగా వేసి తర్వాత కథ చెప్పండి. పైగా అంతరించిపోయే పక్షులంటే చచ్చిపోయిన కబుర్లే, చిన్న పిల్లలకి అంత బాధ ఎందుకు?

గిద్దలూరు డీఎడ్:
నేను డీఎల్‌ఎడ్ చదువుతున్నా సార్, ట్రైనింగులో భాగంగా స్కూల్లో కూడా చెప్తున్నా. మీరన్న భయం నిజమే, బొమ్మ చూసి ఊహించడం అలవాటైతే కష్టం. కానీ వత్తులు మొత్తం వచ్చేదాకా కథ ఆపితే ఆ పిల్లలకి కథ ఎప్పటికీ రాదు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్ళు 2005 నుంచి ఊళ్ళల్లో తిరిగి పిల్లలకి చదవడం వచ్చో రాదో చూసే అసర్ సర్వే ఉంది కదా, 2024ది చూడండి, దేశం మొత్తం మీద పల్లెల్లో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగింది సగం కంటే కొంచెం తక్కువ మందే. వాళ్ళంతా గుణింతాలు దిద్దనోళ్ళు కాదు సార్, దిద్దారు, అక్షరానికీ అర్థానికీ మధ్యలో ఆగిపోయారు. అందుకే రెండూ పక్కపక్కనే నడవాలి, రోజూ కాసేపు మేస్టారు చెప్పినట్టు వత్తుల మాటలు, కాసేపు కథ.

బొమ్మ విషయానికి మేము చేసేది ఏంటంటే బొమ్మ ముందు చూపించి మాట్లాడిస్తాం, చదివేటప్పుడు తీసేస్తాం. అప్పుడు కాగితం మీద కళ్ళు పెట్టక తప్పదు.

మార్కాపురం మేస్టారు:
కావలి నాన్నగారూ, మీ పిల్లాడు రెక్కని పిట్ట అన్నాడంటే ఆగి "వాక్యం మొత్తం మళ్ళీ చదువు నాయనా" అనండి చాలు. "పిట్ట చాపి ఎగిరింది" అని చదివితే వాడికే తేడా తెలుస్తుంది, ఏం చాపింది అని వాడే వెనక్కి చూసుకుంటాడు. ఒక్క మాట మీద చూపుడువేలు పెట్టి తప్పు తప్పు అంటే ఆ తేడా వాడికి ఎప్పటికీ తెలియదు. ప్రతి తప్పుకీ అడ్డం పడొద్దు. వాక్యం అయ్యేదాకా ఆగడం నేర్చుకోవాల్సింది మనమే.

బాధ సంగతి. మా వైపు యాభై దాటిన ఏ రైతునైనా అడగండి, ఊరి బయట గొడ్డు చచ్చిపోతే రాబందులు ఎట్లా దిగేవో చెప్తాడు. ఇప్పుడు ఒక్కటి కనిపిస్తే ఒట్టు. మన దేశంలో 1990ల్లో మొదలై కొద్ది ఏళ్ళల్లోనే తుడిచిపెట్టుకుపోయాయి, కారణం పశువులకి నొప్పి తగ్గడానికి వేసే డైక్లోఫినాక్ మందు, ఆ మందు పడ్డ పశువు చచ్చాక దాన్ని తిన్న రాబందుకి మూత్రపిండాలు పాడై చచ్చిపోయేది. 2006లో పశువులకి ఆ మందు ఆపేశారు. ఇది పిల్లలకి బాధ కోసం చెప్పడం కాదు, ఇదయ్యాక ఇది, దీనివల్ల అది అని వరసగా చదివి అర్థం చేసుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం అయిదో తరగతికి దొరకదు. ఆరు చీటీల మీద ఆరు వాక్యాలు రాసి కలిపేసి ఇవ్వండి, వరస పెట్టమనండి. అర్థం కాకుండా వరస పెట్టడం కుదరదు. తర్వాత ఇంటికి పోయి తాతని అడిగి నాలుగు మాటలు రాసుకు రమ్మనండి.

కందుకూరు అమ్మ:
నేను టీచర్ని కాదు, మా పాప మూడో తరగతి. ఈ థ్రెడ్ చూసి టీచరమ్మ గారు రాసిన ముక్క మేస్టారు చెప్పినట్టు మార్చి పెద్ద అక్షరాలతో నోటుబుక్కులో రాసి ఇచ్చాను. మొదట నేను వేలు పెట్టి చదివా, తర్వాత ఇద్దరం కలిసి చదివాం, తర్వాత తను ఒక్కతే. రాత్రి అని ఉన్నచోట "రాతిరి" అని చదివింది, మాట్లాడేటప్పుడు మేమంతా అట్లానే అంటాం కదా, తప్పని చెప్పాలా వద్దా?

రెండోది, తను చదివి "అయితే అది పగలు ఏం చేస్తది, నిద్రపోతదా, పాములు రావా" అని నన్ను అడుగుతా కూర్చుంది. పాఠ్యపుస్తకం చదివి ఎప్పుడూ ఒక్క ప్రశ్న వెయ్యలేదు ఈ పిల్ల.

ఆత్మకూరు టీచరమ్మ:
చెల్లీ, రాతిరి అంటే అర్థమై చదివిందన్నమాట, దానికి సంతోషించండి. వెంటనే ఏమీ అనొద్దు, రెండోసారి మీరు చదివేటప్పుడు రాత్రి అని స్పష్టంగా పలకండి, త్ర కింద వేలు పెట్టండి. మా పిలకాయలైతే "పిట్ట యాడికి పొయ్యిందో ఎవురికీ తెలీదు" అంటారు. నేను బోర్డు మీద మొదట అట్టనే రాస్తున్నా, వాళ్ళ నోట్లో మాట వాళ్ళే చదువుకుంటున్నారు, తడబడకుండా వస్తాంది, ఎందుకంటే తర్వాత మాట ఏదో వాళ్ళకి ముందే తెలుసు. దాని కిందే పుస్తకం వరస వాక్యం రాస్తా, "పిట్ట ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియదు". రెండూ పక్కపక్కన చూసి తేడా వాళ్ళే పట్టుకుంటారు. మాటని తక్కువ చేస్తే పిలకాయ నోరు మూసేస్తాడు, నోరు మూసుకున్న పిలకాయకి చదువు చెప్పలేం.

పులికాట్ పిట్టలోడు:
ఒక ఆటలాంటిది చెప్తా. కలివికోడి రాత్రి తిరుగుతుంది, మనిషి అలికిడికి దొరకదు, అందుకని దాన్ని పరిశోధించినోళ్ళు ఏం చేశారంటే పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలా పరిచిపెట్టి తెల్లారి వచ్చి దాని మీద అడుగులు చూసేవాళ్ళు. కాకి కోడి అడుగులో వెనక వేలు కూడా పడుతుంది, కలివికోడికి వెనక వేలు లేదు, ముందు మూడే. మీరు స్కూల్లో సాయంత్రం వేపచెట్టు కింద మెత్తటి మట్టి జల్లించి పరిచి ఇంటికి పోండి, పొద్దున ఎవరి అడుగులో చూసి ఒక్కొక్కరు ఒక్క వాక్యం రాయాలి. రాసింది పక్కోడు చదివి ఆ అడుగు చూపించాలి.

నెల్లూరు నాయుడు:
మంచి చర్చ. కానీ కలివికోడిని పిల్లలు ఎప్పటికీ చూడలేరు కదా. పులికాట్‌లో ఫ్లెమింగోలు ఉన్నాయి, ఏటా పండగ చేస్తున్నారు, అంతరించిపోతున్న పక్షులని వాటి మీదే కథ రాస్తే తీసుకుపోయి చూపించొచ్చు.

పులికాట్ పిట్టలోడు:
అన్నా, చూపించడానికి చాలా మంచి పిట్ట, తలకిందులుగా ముక్కు బురదనీళ్ళల్లో పెట్టి వడగట్టి తింటుంది, పిలకాయలు నోరు తెరిచి చూస్తారు. కానీ మన పులికాట్‌కి గుంపులుగా వచ్చే పెద్ద ఫ్లెమింగో అంతరించే జాబితాలో లేదు. నేలపట్టులో గూళ్ళు పెట్టే గూడబాతు, అదే పెలికాన్, అది కూడా ప్రమాదం అంచున ఉన్నది అనే మెట్టులో ఉంది, కలివికోడి అన్నిటికంటే ఆఖరి మెట్టు, అది కూడా పోతే ఇక లేనట్టే. పిలకాయలకి అన్నిటినీ ఒకే గాటన కట్టి అయ్యో పాపం అని చెప్పకూడదు. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి ఏది ఎక్కడుంది, ఎందుకు అని చదివిస్తే అదే పెద్ద పాఠం.

గూడబాతు కథకి మాత్రం నా ఓటు ఉంది. దొరవారిసత్రం దగ్గర నేలపట్టు 1976 నుంచి పక్షుల అభయారణ్యం, చెరువు నీళ్ళల్లోనే కడప చెట్లు నిలబడి ఉంటాయి, వాటి మీద గూళ్ళు. వానలు పడి చెరువు నిండితేనే వస్తాయి. వాటి రెట్ట కలిసిన నీళ్ళు పొలానికి బలమని ఊళ్ళోవాళ్ళు వాటిని కొట్టరు, తోలరు. బాధ లేని కథ కావాలన్న కావలి అన్నకి ఇది సరిపోతుంది.

ఆత్మకూరు టీచరమ్మ:
మట్టి ఆట చేశామండీ. ఎట్టా జరిగిందో చెప్తా. పొద్దున్నే బడికి వచ్చేసరికి పిలకాయలు నాకంటే ముందే వచ్చి మట్టి చుట్టూ గొంతుక్కూర్చోనున్నారు. కుక్క అడుగు అందరూ పట్టేశారు. ఒకచోట సన్నగా మూడు గీతలు ఉన్నాయి, అందరూ కోడి అన్నారు. వెనక బెంచీ పిలకాయ ఒకడు, క్లాసులో నోరే విప్పడు, వంగి చూసి "కోడి గాదు మేడమ్, ఎనకేలు లేదు, కోడికుంటది. అడుగు ఎడమెడంగా పడింది, పరిగెత్తింది, తీతువు" అన్నాడు. వాళ్ళ తాతతో కాలవ గట్టు మీద తిరిగేవాడంట. తీతువుకి వెనక వేలు ఉన్నా చిన్నది, నేల మీద పడదంట, అది కూడా వాడే చెప్పాడు. అందరూ వాడి చుట్టూ చేరారు. వాడు చెప్తుంటే నేను బోర్డు మీద రాశా, "ఇది తీతువు అడుగు. వెనక వేలు లేదు. ఇది పరిగెత్తింది." తర్వాత వాణ్ణే చదవమన్నా. చదివాడు. పరిగెత్తింది దగ్గర ఆగాడు, త్త కింద వేలు పెట్టుకుని మళ్ళీ మొదటి నుంచి వచ్చి చదివాడు. ఎవరూ అందించలేదు, నేను అందించనివ్వలేదు. ఆ తర్వాత కలివికోడి కథ మొదలుపెడితే వాడు ముందు వరసలోకి వచ్చి కూర్చున్నాడు.

కథ చదివించేటప్పుడు "టార్చి వెలుగులో ఏదో కదిలింది" అన్న చోట ఆపేసి కాగితం మడిచేశా. ఏం కదిలిందో, ఎందుకు అనుకుంటున్నారో చెప్పమన్నా. కుందేలు అన్నారు, పాము అన్నారు. ఒక పాప "పాము కాదు, పాముకి కాళ్ళుండవు, పైన 'అడుగుల చప్పుడు' అని రాసుంది" అనింది. పైకి పోయి చదివి వెతుక్కుని చెప్పింది. నాకు కావాల్సింది ఇదే.

కావలి నాన్న:
టీచరమ్మ గారూ, ఇది చదివాక నా అభిప్రాయం కొంత మారింది. దిద్దించడం మానను, కానీ మా వాడికి రోజూ పడుకునే ముందు ఒక్క పేరా ఇస్తా. ఒకటి అడగాలి, ఆ దొరికిన పక్షి తర్వాత ఏమైంది? మా వాడు కచ్చితంగా అడుగుతాడు.

పులికాట్ పిట్టలోడు:
ఎక్కువ రోజులు బతకలేదన్నా. కానీ అది దొరికినందువల్లే లంకమలలో శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం వచ్చింది, ఆ తర్వాత తెలుగుగంగ కాలువ దారి కూడా దాని కోసం కొంత పక్కకి జరిపారు. పొదలు కొట్టి తోటలూ పొలాలూ వేస్తే దానికి చోటు ఉండదు, అదీ అసలు ప్రమాదం.

గిద్దలూరు డీఎడ్:
చచ్చిపోయిందని చెప్పాలా వద్దా టీచర్? మూడో తరగతికి?

ఆత్మకూరు టీచరమ్మ:
నేను చెప్పా. దాస్తే రేపు వేరే చోట చదివి టీచరు అబద్ధం చెప్పిందనుకుంటారు. ఒక్క వాక్యంలో చెప్పి అక్కడ ఆగకుండా అభయారణ్యం ముక్క చదివించా. రెండు రోజులు దాని గురించే మాట్లాడుకున్నారు, "ఎందుకు పట్టుకోవాలి, చూసి వదిలెయ్యొచ్చు కదా" అని అయిదో తరగతి వాళ్ళు గట్టిగా వాదించుకున్నారు కూడా. ఆ వాదననే రెండు వైపులా నాలుగేసి వాక్యాలు రాయించి ఒకరిది ఒకరు చదివారు.

సరే, మార్చిన రెండో ముక్క ఇది, మేస్టారు ఒకసారి చూడండి:

"ఒక రోజు ఊరికి ఒక మనిషి వచ్చాడు. ఆయన చేతిలో పిట్ట బొమ్మ ఉంది. ఈ పిట్టను చూశారా అని అడిగాడు. ఐతన్న బొమ్మ చూశాడు. తెలుసు అన్నాడు. రాత్రి అయింది. ఐతన్న టార్చి పట్టుకుని నడిచాడు. పొదల దగ్గర చిన్న అడుగుల చప్పుడు. టార్చి వెలుగులో ఏదో కదిలింది."

మార్కాపురం మేస్టారు:
బాగుందమ్మా. "తెలుసు అన్నాడు" దగ్గర లైను విడగొట్టి కొత్త లైనులో పెట్టు, పిల్లలు అక్కడ గొంతు మారుస్తారు. వత్తు అక్షరాలు ఉన్న లైన్ల మధ్య జాగా ఎక్కువ వదులు, పై లైను వత్తు కింద లైను గుడి మీద పడితే చిన్న పిల్లలు గందరగోళపడతారు, ప్రింటు తీసేటప్పుడు చాలామంది ఇది చూసుకోరు.

కందుకూరు అమ్మ:
మీరంతా ఒప్పుకుంటే రెండు ముక్కలూ కలిపి లైన్ల మధ్య జాగా వదిలి పీడీఎఫ్ చేసి ఇక్కడ పెడతా, బొమ్మ వేరే పేజీలో పెడతా, తీసెయ్యడానికి వీలుగా. రాబందు చీటీలు మేస్టారు రాసిస్తే అవి కూడా చేస్తా. గూడబాతు కథ పులికాట్ తమ్ముడు రాయాలి, వాన పడే ముందు రాస్తే స్కూళ్ళు తెరిచేసరికి అందరికీ ఉంటుంది.